మెయిన్ సౌత్: ఒక విశ్వవిద్యాలయం, ఒక పాత కార్మికవాడ, నాలుగు దశాబ్దాల పొత్తు

కర్మాగారాలు మూతపడ్డాక ఆలనాపాలనా లేకుండా మిగిలిపోయిన పేటలను తిరిగి నిలబెట్టడంలో విశ్వవిద్యాలయాలు ఏ మేరకు తోడ్పడగలవన్న చర్చ వచ్చినప్పుడు అమెరికాలో సాధారణంగా రెండు పేర్లు ముందుకు వస్తాయి. ఒకటి పశ్చిమ ఫిలడెల్ఫియాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం, రెండవది క్లీవ్‌లాండ్‌లోని కేస్ వెస్టర్న్ రిజర్వ్ విశ్వవిద్యాలయం. రెండూ భారీ నిధులు, పెద్ద ఆస్పత్రులు, వేలాది ఉద్యోగులు ఉన్న ప్రాంతాలకు చెందినవి కాబట్టి వాటి అనుభవాన్ని చిన్న ఊళ్ళకు అన్వయించడం కష్టం. అందుకే ఈ కేస్ స్టడీకి నేను మసాచుసెట్స్ రాష్ట్రం వూస్టర్ నగరంలోని క్లార్క్ విశ్వవిద్యాలయాన్ని, దాని చుట్టూ ఉన్న మెయిన్ సౌత్ పేటను ఎంచుకున్నాను. క్లార్క్‌లో డిగ్రీ విద్యార్థులు రెండు వేల పైచిలుకు మాత్రమే. దానికి వైద్య కళాశాల లేదు, ఆస్పత్రి లేదు, చెప్పుకోదగ్గ సంపదా లేదు. అయినా 1980ల మధ్యకాలం నుంచి ఇప్పటిదాకా ఆ పేటతో పెట్టుకున్న పొత్తును అది వదిలిపెట్టలేదు.

నేను పనిచేసేది అల్పాదాయ కుటుంబాలకు అందుబాటు ధరలో ఇళ్ళు కట్టే రంగంలో. కాబట్టి ఈ కథను నేను స్థలం, అప్పు, మరమ్మతు, అద్దె అనే నాలుగు కోణాల నుంచే ఎక్కువగా చూస్తాను. అలా చూసినప్పుడు తేలేదేమిటంటే, విద్యాలయం ఆ పేటకు ఇచ్చిన వాటిలో పరిశోధన నివేదికలు, విద్యార్థుల స్వచ్ఛంద సేవ కన్నా ఎక్కువ విలువైనది మరొకటుంది. పేటవాసుల చేతిలో ఉన్న ఒక చిన్న సంస్థ వెనుక తన పరపతిని పూచీగా నిలబెట్టి, పెత్తనాన్ని మాత్రం ఆ సంస్థకే వదిలింది.

పేట, దాని ఇళ్ళు

వూస్టర్‌కు సముద్రం లేదు, పడవలు నడిచే పెద్ద నదీ లేదు. 1828లో తెరిచిన బ్లాక్‌స్టోన్ కాలువ, 1835లో బోస్టన్ నుంచి వచ్చిన రైలుమార్గం దాన్ని పరిశ్రమల నగరంగా మార్చాయి. ఇనుప తీగ, మగ్గాలు, సానరాళ్ళు, కవర్లు, తివాచీలు ఇక్కడ తయారై దేశమంతా వెళ్ళేవి. నేత యంత్రాలకు పేరుపడ్డ క్రాంప్టన్ అండ్ నోల్స్, నడుము బిగించే స్త్రీల లోదుస్తులు (కార్సెట్లు) తయారుచేస్తూ వందలాది మహిళలకు ఉపాధి కల్పించిన రాయల్ వూస్టర్ కార్సెట్ కంపెనీ ఈ నగరానివే. కార్సెట్ కంపెనీ భవనం ఇప్పటికీ మెయిన్ సౌత్‌లో ఉంది. అందులో ఇప్పుడు అపార్టుమెంట్లున్నాయి. ఐర్లండు, స్వీడన్, ఫ్రెంచ్ కెనడా, ఆర్మేనియా నుంచి వచ్చిన కార్మికులు మిల్లు కూత వినబడేంత దూరంలో కాపురముండేవారు. వారికోసం వెలసినవే ఈ నగరానికి గుర్తుగా మారిన త్రీ-డెక్కర్ ఇళ్ళు.

ఈ ఇంటి గురించి కొంచెం వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే మెయిన్ సౌత్ లాభనష్టాలన్నీ దీని చుట్టూనే తిరుగుతాయి. త్రీ-డెక్కర్ అంటే ఒకదానిపై ఒకటిగా మూడు వాటాలున్న చెక్క ఇల్లు. వీధివైపు సన్నగా, వెనక్కి పొడుగ్గా ఉంటుంది. ప్రతి అంతస్తుకూ ముందొక వరండా, వెనకొక వరండా ఉంటాయి. ఎక్కువ భాగం 1880లకూ 1920లకూ మధ్య కట్టినవే. యజమాని ఒక అంతస్తులో కాపురముంటూ మిగతా రెండు అంతస్తుల అద్దెతో అప్పు తీర్చుకునేవాడు. వలస కుటుంబాలు ఆస్తి కూడబెట్టుకోవడానికి న్యూ ఇంగ్లండ్‌లో, అంటే మసాచుసెట్స్ ఉన్న ఈశాన్య అమెరికా ప్రాంతంలో, ఇంతకన్నా మంచి సాధనం మరొకటి ఉండేది కాదు. అయితే అదే ఇల్లు యజమాని వేరే ఊరికి వెళ్ళిపోయి మూడు వాటాలనూ అద్దెకిచ్చినప్పుడు చాలా త్వరగా శిథిలమవుతుంది. వెనక వరండాల చెక్క కుళ్ళుతుంది. గోడలలోని నిలువు చెక్కలు పునాది నుంచి కప్పు దాకా ఏకంగా సాగుతాయి కాబట్టి, కింద నిప్పంటుకుంటే గోడ లోపలి ఖాళీ గుండా మంట నిమిషాలలో పై అంతస్తుకు చేరుతుంది. 1978కి ముందు కట్టిన ఇంట్లో ఆరేళ్ళ లోపు పిల్లలుంటే సీసం ఉన్న రంగు వల్ల కలిగే ప్రమాదాన్ని తొలగించాలని మసాచుసెట్స్ చట్టం చెబుతుంది. కిటికీల చట్రాలు, తలుపుల అంచులు, మెట్ల కటకటాలు అన్నింటికీ అదే రంగు వేసి ఉంటుంది కాబట్టి ఒక్క ఇంటికే ఆ ఖర్చు తడిసి మోపెడవుతుంది.

రెండవ ప్రపంచ యుద్ధం తరువాత మిల్లులు దక్షిణాది రాష్ట్రాలకూ, ఆ తరువాత విదేశాలకూ తరలిపోయాయి. 1950లో 2,03,486గా ఉన్న నగర జనాభా 1980 నాటికి 1,61,799కి పడిపోయింది. నిలకడైన ఆదాయం ఉన్నవారు శివార్లకు వెళ్ళారు. పాత ఇళ్ళను దూరాన ఉన్న యజమానులు కొన్నారు. ప్యూర్టో రికో నుంచి, ఆ తరువాత డొమినికన్ రిపబ్లిక్, వియత్నాం, ఘానా నుంచి వచ్చిన కొత్త కుటుంబాలు ఆ వాటాలలో చేరాయి గానీ, వారి ముందు తరం వలసదారులకు దొరికిన మిల్లు ఉద్యోగం వారికి దొరకలేదు. 1980ల నాటికి మెయిన్ సౌత్‌లో గృహదహనాలు, మాదకద్రవ్యాలు, బోర్డులు కొట్టిన కిటికీలు నిత్యకృత్యమయ్యాయి. ఆ దశాబ్దం చివర న్యూ ఇంగ్లండ్ అంతటా ఇళ్ళ ధరలు కుప్పకూలడంతో అప్పటిదాకా కాస్త నిలబడ్డ ఇళ్ళను కూడా యజమానులు వదిలేసి వెళ్ళారు.

విద్యాలయం ముందున్న దారులు

జోనాస్ క్లార్క్ అనే వ్యాపారి 1887లో స్థాపించిన ఈ విద్యాలయం ఆ పేట నడిబొడ్డున ఉంది. 1909లో సిగ్మండ్ ఫ్రాయిడ్ అమెరికాలో ఉపన్యాసాలిచ్చింది ఇక్కడే. ద్రవ ఇంధన రాకెట్‌ను తొలిసారి ఎగరేసిన రాబర్ట్ గొడార్డ్ ఇక్కడే చదివి, ఇక్కడే పాఠాలు చెప్పాడు. ఇంతటి చరిత్ర ఉన్నా, పిల్లలను చేర్పించడానికి వచ్చిన తల్లిదండ్రులు కారు దిగకముందే వీధిని చూసి జంకుతుంటే ప్రవేశాలు తగ్గుతాయి, ప్రవేశాలు తగ్గితే ఫీజుల మీదే ఆధారపడ్డ చిన్న విద్యాలయం నిలవదు. ఇలాంటి స్థితిలో ఏ విద్యాలయమైనా గోడలు ఎత్తు పెంచి, కాపలా పెంచి లోపల తలదాచుకోవచ్చు. లేదా చుట్టుపక్కల స్థలాలు కొనేసి పేటను దూరంగా నెట్టవచ్చు. అమెరికాలో చాలా విద్యాలయాలు 1950ల నుంచీ ఈ రెండో పనే చేశాయి. దాని వల్ల కలిగిన వైషమ్యాలు ఇప్పటికీ కొన్ని నగరాల్లో చల్లారలేదు. 1984లో అధ్యక్షపదవి చేపట్టిన రిచర్డ్ ట్రైనా హయాంలో క్లార్క్ వేరే దారి పట్టింది. పేట బాగుపడకపోతే తాను బాగుపడలేనని బహిరంగంగా ఒప్పుకుని ఆ పని మొదలుపెట్టింది.

ఈ స్వప్రయోజనం విషయంలో నాకు ఎటువంటి అభ్యంతరమూ లేదు, పైగా అదే ఈ పొత్తుకు బలమని నేననుకుంటాను. దయతో మొదలైన కార్యక్రమం ఆ దయగల అధ్యక్షుడు పదవీ విరమణ చేయగానే ఆగిపోతుంది. సంస్థ మనుగడతో ముడిపడ్డ కార్యక్రమం అధ్యక్షులు మారినా కొనసాగుతుంది. ట్రైనా 2000లో తప్పుకున్నాక జాన్ బాసెట్, ఆయన తరువాత డేవిడ్ ఏంజెల్ వచ్చారు. వారి ప్రాధాన్యాలు వేరైనా మెయిన్ సౌత్ పని మాత్రం ఆగలేదు.

1986లో మెయిన్ సౌత్ కమ్యూనిటీ డెవలప్‌మెంట్ కార్పొరేషన్ ఏర్పడింది. దీన్ని ఇకపై సీడీసీ అందాం. ఇది లాభాపేక్ష లేని సంస్థ. పేటవాసులు, స్థానిక వ్యాపారులు కూర్చునే దాని పాలకమండలిలో క్లార్క్‌కూ స్థానముంది, కానీ నిర్ణయాధికారం క్లార్క్‌ది కాదు. పాడుబడ్డ త్రీ-డెక్కర్లను కొని, బాగుచేసి, అందుబాటు అద్దెకు ఇవ్వడం దాని తొలి పని.

ఈ పని ఎందుకంత కష్టమో ఈ రంగంలో లేనివారికి సులభంగా అర్థం కాదు. పాడుబడ్డ ఇంటిని కొనడానికయ్యే ఖర్చు, సీసం తొలగింపు, కొత్త విద్యుత్ తీగలు, కొత్త వరండాలు, గోడలలో మంట ఎగబాకకుండా అడ్డుకట్టలు, వీటన్నిటి మొత్తం చివరికి బ్యాంకు ఆ ఇంటికి కట్టే విలువ కన్నా ఎక్కువగా ఉంటుంది. చుట్టుపక్కల ఇళ్ళు ఎంతకు అమ్ముడయ్యాయన్న దాన్ని బట్టే విలువ కడతారు కాబట్టి, పక్కనున్న ఖాళీ ఇళ్ళు దీని విలువను కిందికి లాగుతాయి. అంటే ఇంటికి పెట్టిన డబ్బు ఇంటి నుంచి తిరిగి రాదు. సొంత డబ్బుతో ఎవరూ అటువంటి చోట ఇల్లు బాగుచేయరు, చేయమని అడగడమూ న్యాయం కాదు. ఆ లోటును పూడ్చడానికి కేంద్ర ప్రభుత్వం 1986లో తెచ్చిన అల్పాదాయ గృహాల పన్ను రాయితీ, అందుబాటు ఇళ్ళకు నిధులిచ్చే, 1990లో మొదలైన హోమ్ పథకం, నగర నిధులు ఉన్నాయి. వాటికి బదులుగా ఆ ఇంటి అద్దె ఇన్నేళ్ళ పాటు ఇంతకు మించకూడదన్న షరతు దస్తావేజులోనే రాస్తారు.

అయితే ఆ నిధులు చేతికందాలంటే ముందు స్థలం మన అధీనంలో ఉండాలి, సర్వే జరగాలి, మట్టి పరీక్ష చేయించాలి, ఆర్కిటెక్టు నమూనాలు గీయాలి. ఇవన్నీ అయ్యాక దరఖాస్తు తిరస్కరణకు గురైతే ఆ ఖర్చంతా బూడిదలో పోసిన పన్నీరే. ఈ ముందస్తు పెట్టుబడికి బ్యాంకులు అప్పివ్వవు. నేను చూసిన ఇటువంటి చిన్న పేట సంస్థలలో మూతపడిన వాటిలో చాలా మటుకు ఈ దశలోనే మూతపడ్డాయి. మెయిన్ సౌత్‌లో విద్యాలయం అండ అసలు పనికొచ్చింది ఇక్కడే. క్లార్క్ వంటి స్థిరమైన సంస్థ పక్కన నిలబడితే బ్యాంకు అధికారి ముఖం వేరుగా ఉంటుంది, నగరపాలక సంస్థ ఫోను త్వరగా ఎత్తుతుంది, కేంద్ర శాఖ దరఖాస్తును గంభీరంగా చదువుతుంది.

1995లో ఈ బంధం యూనివర్సిటీ పార్క్ పార్ట్‌నర్‌షిప్ పేరుతో లిఖితపూర్వక రూపం దాల్చింది. క్యాంపస్ ఎదుట చెరువుతో ఉన్న నగర ఉద్యానవనం పేరే దానికి పెట్టారు. విద్యాలయం, సీడీసీ, నగరపాలక సంస్థ, ప్రభుత్వ పాఠశాలల శాఖ, వ్యాపారులు, పేటవాసులు అందులో భాగస్వాములు. ఇళ్ళు, చదువు, ఉపాధి, పిల్లల ఆటపాటలు అన్నిటినీ కలిపి ఒకే ప్రణాళికలో పెట్టారు. పేటలో కనీసం అయిదేళ్ళు నివసించి, ప్రవేశ అర్హత సాధించిన విద్యార్థికి క్లార్క్‌లో ట్యూషన్ ఫీజు లేకుండా చదువు చెబుతామని మాట ఇచ్చారు. అదే పేటలో ఇల్లు కొనుక్కునే అధ్యాపకులకూ, సిబ్బందికీ ఆర్థిక సాయం ప్రకటించారు. అధ్యక్షుడు ట్రైనా స్వయంగా తన కాపురాన్ని ఆ పేటలోకి మార్చారు. ఈ చివరి విషయం ఏ బడ్జెట్ పట్టికలోనూ కనిపించదు గానీ, రాత్రిపూట ఏ వీధి దీపం వెలగడం లేదో అధ్యక్షుడికి నివేదిక చదవకుండానే తెలిసే పరిస్థితి అది.

బడి

మెయిన్ సౌత్ పనిలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది యూనివర్సిటీ పార్క్ క్యాంపస్ స్కూల్. ఇల్లు బాగుపడ్డా, బడి బాగాలేకపోతే కాస్త సంపాదించుకున్న ప్రతి కుటుంబమూ పిల్లవాడు ఆరో తరగతి దాటగానే ఇల్లు మారుతుంది. ఆ వలసను ఆపకుండా ఎన్ని ఇళ్ళు బాగుచేసినా అవి కొత్తగా వచ్చే నిరుపేద కుటుంబాలకు తాత్కాలిక మజిలీగానే మిగిలిపోతాయి. ఈ సంగతి గ్రహించి క్లార్క్, వూస్టర్ ప్రభుత్వ పాఠశాలల శాఖ కలిసి 1997లో ఈ బడిని ప్రారంభించాయి. ఇది ప్రైవేటు బడి కాదు, ప్రభుత్వ నిధులతో స్వతంత్రంగా నడిచే చార్టర్ బడీ కాదు. నగర పాఠశాలల శాఖ కిందే, అదే ఉపాధ్యాయ సంఘం ఒప్పందంతో నడిచే మామూలు ప్రభుత్వ బడి. పరీక్ష పెట్టి ఏరుకోవడం లేదు. ఆ పేట పిల్లలలోంచి లాటరీ తీసి చేర్చుకుంటారు.

తొలి ఏడాది 7వ తరగతి ఒక్కటే. 35 మంది పిల్లలు. ఆ తరువాత ఏడాదికో తరగతి చొప్పున 12వ తరగతి దాకా పెంచుకుంటూ వెళ్ళారు. ఫ్రీలాండ్ వీధిలో ఒక పాత బడి భవనంలో స్థిరపడ్డారు. మొదటి ప్రిన్సిపాల్ డోనా రోడ్రిగ్స్ నగరంలోనే ఏళ్ళ తరబడి పాఠాలు చెప్పిన టీచరు, ఈ పేటను లోపలి నుంచి ఎరిగిన మనిషి. చేరిన పిల్లల్లో చాలామంది ఇంట్లో ఇంగ్లీషు మాట్లాడరు. 7వ తరగతిలో చేరుతున్న పిల్లలు 3వ, 4వ తరగతి స్థాయిలో చదవడం అక్కడ సాధారణం. అందువల్ల కొత్తగా చేరేవారికి బడి తెరవడానికి ముందే ఆగస్టులో ప్రత్యేక తరగతులు పెట్టారు. సాయంత్రం హోంవర్క్ చేసుకోవడానికి బడి తలుపులు తెరిచి ఉంచారు, క్లార్క్ విద్యార్థులు దగ్గర కూర్చుని సాయం చేసేవారు. పై తరగతుల పిల్లలు రోడ్డు దాటి వెళ్ళి విశ్వవిద్యాలయంలో కోర్సులు ఉచితంగా తీసుకునే వీలుండేది. కాలేజీ అంటే టీవీలో మాత్రమే చూసిన పిల్లవాడికి 11వ తరగతిలోనే కాలేజీ తరగతి గదిలో కూర్చుని ప్రశ్న అడిగే అనుభవం ఎంతటిదో, ఇంట్లో మొదటి తరం చదువరులున్న మన పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు.

బడి లోపల జరిగే ఒక పద్ధతిని ఇక్కడ ప్రత్యేకంగా వివరించాలి. క్లార్క్‌లో ఉపాధ్యాయ శిక్షణ పొందే పోస్టుగ్రాడ్యుయేట్ విద్యార్థులు ఏడాది పొడవునా ఈ బడిలో ఉంటారు. అప్పుడప్పుడు వారిలో ఒకరో, బడి టీచరో ఒక పాఠం చెబుతారు. మిగిలిన టీచర్లు, విద్యాలయ అధ్యాపకులు, తోటి శిక్షణార్థులు ముందుగానే ఆ పాఠం ఉద్దేశమేమిటో, తాము దేన్ని గమనించాలో రాసిన పత్రం చదువుకుని వస్తారు. పాఠం జరుగుతున్నప్పుడు పిల్లల దగ్గరికి వెళ్ళి వారు ఏం రాస్తున్నారో, ఎక్కడ ఆగిపోతున్నారో చూస్తారు. తరువాత అందరూ కూర్చుని ఆ పాఠాన్ని విడదీసి చర్చిస్తారు. బోధనాస్పత్రిలో పెద్ద డాక్టరు వెనక విద్యార్థులు మంచం మంచానికీ తిరిగి నేర్చుకునే పద్ధతిని బడికి తెచ్చారన్నమాట. దీనివల్ల విద్యాలయానికి మంచి ఉపాధ్యాయులు తయారయ్యారు, బడికి తరగతి గదిలో అదనపు చేతులు దొరికాయి. ఇచ్చేవారెవరో పుచ్చుకునేవారెవరో తేల్చి చెప్పడానికి వీలులేని ఇటువంటి ఏర్పాటే పొత్తు అనే మాటకు తగినది.

1993 విద్యా సంస్కరణల చట్టం ప్రకారం మసాచుసెట్స్‌లో 2003లో హైస్కూలు పూర్తిచేసే బ్యాచ్ నుంచి 10వ తరగతి రాష్ట్ర పరీక్షలో ఉత్తీర్ణతను పట్టాకు తప్పనిసరి చేశారు. ఈ బడి తొలి బ్యాచ్ సరిగ్గా ఆ ఏడాదిదే. వారంతా ఆ పరీక్ష పాసయ్యారు. దాదాపు అందరూ కాలేజీ మెట్లెక్కారు. దేశం నలుమూలల నుంచీ విద్యావేత్తలు ఆ చిన్న భవనాన్ని చూడడానికి రావడం మొదలైంది.

అయితే దీని పరిధిని కూడా ఉన్నదున్నట్టు చెప్పాలి. రెండువందల పైచిలుకు పిల్లల బడి ఒక పేట పిల్లలందరినీ ఇముడ్చుకోలేదు. లాటరీలో పేరు రాని పిల్లవాడు పాత హైస్కూలుకే వెళ్ళాలి. కార్నెగీ కార్పొరేషన్ అనే దాతృత్వ సంస్థ 2001లో పెద్ద హైస్కూళ్ళ సంస్కరణకు నిధులిచ్చిన ఏడు నగరాలలో వూస్టర్ ఒకటి. అందులోనూ క్లార్క్ కీలక భాగస్వామి. కానీ వెయ్యిమందికి పైగా పిల్లలున్న బడిని చిన్న విభాగాలుగా విడగొట్టినంత మాత్రాన ఫ్రీలాండ్ వీధి బడిలోని సాన్నిహిత్యం దానికి అబ్బలేదు. సున్నా నుంచి కట్టిన బడి వేరు, నడుస్తున్న బడిని మార్చడం వేరు. నిధులిచ్చే సంస్థలు ఈ తేడాను ఎప్పుడూ తక్కువగానే అంచనా వేస్తాయి.

కిల్బీ, గార్డనర్, హేమండ్ వీధులు

సీడీసీ మొదటి దశాబ్దంలో ఒక ఇల్లు ఈ వీధిలో, మరో ఇల్లు ఆ వీధిలో అన్నట్టుగా పనిచేసింది. ఎక్కడ ఇల్లు దొరికితే అక్కడ కొనక తప్పని రోజులవి. బాగుచేసిన ఇంటికి అటూ ఇటూ పాడుబడ్డ ఇళ్ళుంటే దాని అద్దె పెరగదు, విలువా పెరగదు. 2000 ప్రాంతంలో వ్యూహం మార్చి, పేటలో అన్నిటికన్నా దెబ్బతిన్న కిల్బీ, గార్డనర్, హేమండ్ వీధుల మధ్యనున్న సుమారు 30 ఎకరాలను ఒకే ప్రాజెక్టుగా తీసుకున్నారు. పాత పారిశ్రామిక స్థలాలు, కాలిపోయిన ఇళ్ళ ఖాళీ జాగాలు, మిగిలిన కొద్ది ఇళ్ళు కలగలిసిన చోటు అది. సీడీసీ, క్లార్క్, నగరపాలక సంస్థలతో పాటు ఈసారి వూస్టర్ బాయ్స్ అండ్ గర్ల్స్ క్లబ్ కూడా భాగస్వామిగా చేరింది.

పారిశ్రామిక స్థలంలో ఇల్లు కట్టడమంటే ముందు మట్టితో తేల్చుకోవాలి. నూనెలు, ద్రావకాలు, బొగ్గు బూడిద, సీసం దశాబ్దాలుగా నేలలోకి ఇంకి ఉంటాయి. మొదట స్థలం చరిత్రను పాత పటాలలో, అగ్నిబీమా కంపెనీల మ్యాపులలో వెతుకుతారు. ఏ మూల ట్యాంకు ఉండేదో, ఏ గదిలో రంగులు కలిపేవారో వాటివల్ల తెలుస్తుంది. ఆ తరువాత అనుమానమున్న చోట్ల బోర్లు వేసి మట్టి, నీరు పరీక్షిస్తారు. కాలుష్యం తేలితే ఆ మట్టిని తవ్వి తరలించాలి, లేదా శుభ్రమైన మట్టితో కప్పి, ఆ కప్పును ఎవరూ తవ్వకూడదన్న నిబంధన స్థలం పత్రాలలో నమోదు చేయాలి. పిల్లలు ఆడుకునే పెరడు విషయంలో ఈ ప్రమాణాలు మరింత కఠినం. పైగా మలినమైన స్థలాన్ని కొన్నవాడి నెత్తిన ఆ మాలిన్యం బాధ్యత కూడా పడుతుందన్న భయం 1980 నాటి కేంద్ర చట్టం వల్ల అందరిలోనూ ఉండేది. 2002లో ఇటువంటి మలినమైన పాత స్థలాల కోసం వచ్చిన బ్రౌన్‌ఫీల్డ్స్ చట్టం నిజాయితీగా కొనేవారికి కొంత రక్షణ, శుద్ధికి కొన్ని నిధులు కల్పించింది. కిల్బీ ప్రాజెక్టుకు ఆ కాలం కలిసొచ్చింది.

నగరం మధ్యలో ఇరుకైన పాత భవనంలో ఉన్న బాయ్స్ అండ్ గర్ల్స్ క్లబ్ 2006లో ఇక్కడి కొత్త భవనంలోకి మారింది. వ్యాయామశాల, ఈత కొలను, చదువుకునే గదులు ఉన్న ఆ భవనాన్ని పేటలో అందరూ భయపడే వీధులకు దగ్గరలో కట్టడం సాహసమే. కానీ సాయంత్రం నాలుగు నుంచి రాత్రి దాకా పిల్లలూ తల్లిదండ్రులూ రాకపోకలు సాగించే చోట మాదకద్రవ్యాల బేరాలు సాగవు. చుట్టూ వందకు పైగా ఇళ్ళు వచ్చాయి. వాటిలో చాలావాటిని తొలిసారి ఇల్లు కొనుక్కునే కుటుంబాలకు అమ్మారు, మరికొన్నింటిని అద్దెకిచ్చారు. అమ్మకానికీ అద్దెకూ మధ్య ఈ మేళవింపు తెలివైనది. సొంత ఇల్లున్నవారు వీధిని కనిపెట్టుకుని ఉంటారు, సీడీసీ చేతిలోని అద్దె ఇళ్ళు ధరలు పెరిగినా పేదలకు చోటు లేకుండా పోకుండా చూస్తాయి.

ఈ ప్రక్రియలో ఇళ్ళ కోసం స్థలం కొన్నది సీడీసీ పేరు మీద, విద్యాలయం పేరు మీద కాదు. ఇది చాలామందికి చిన్న విషయంగా కనిపించవచ్చు. విద్యాలయం స్థలం కొంటోందంటే ఆ వీధివాసులకు మొదట కలిగే అనుమానం హాస్టలు కోసమో, పార్కింగు కోసమో తమను ఖాళీ చేయిస్తారని. ధర చెప్పే యజమాని కూడా కొనేది విద్యాలయమంటే రెట్టింపు చెబుతాడు. పేట సంస్థ కొన్నప్పుడు ఆ రెండు సమస్యలూ ఉండవు. దానికి తోడు, లాభాపేక్ష లేని విద్యాలయం ఎంత స్థలం కొంటే నగరానికి అంత ఆస్తిపన్ను తగ్గుతుంది. ఈ పన్ను విషయం మీద నగరానికీ విద్యాలయాలకూ ఎప్పుడూ పేచీ ఉంటుంది. 2010లో క్లార్క్ ఇరవై ఏళ్ళ పాటు నగరానికి పన్నుకు బదులుగా ఏటా కొంత సొమ్ము చెల్లించే ఒప్పందం చేసుకుంది. ఆ సొమ్ములో భాగాన్ని గ్రంథాలయానికీ, క్యాంపస్ ఎదుటి యూనివర్సిటీ పార్కుకూ కేటాయించడం వల్ల అది నగర ఖజానాలో కలిసిపోకుండా కొంతైనా పేట కళ్ళకు కనిపిస్తుంది.

ఇప్పటి ఒత్తిడి

మెయిన్ వీధి వెంబడి దుకాణాల పరిస్థితి ఇళ్ళంత వేగంగా మారలేదు. ఇళ్ళకు ఉన్నట్టు దుకాణాలకు స్థిరమైన కేంద్ర పథకం లేకపోవడం దీనికి ఒక కారణం. 2007 తరువాత వచ్చిన గృహరుణాల సంక్షోభం వూస్టర్ త్రీ-డెక్కర్లను తీవ్రంగా దెబ్బతీసింది. పెట్టుబడి కోసం కొన్న ఇళ్ళు వరుసగా జప్తయ్యాయి.

అయితే ఇప్పుడు మెయిన్ సౌత్‌ను పీడిస్తున్నది ఖాళీ ఇళ్ళ బెడద కాదు, దానికి సరిగ్గా వ్యతిరేకమైన అద్దెల బెడద. నగర జనాభా 2020 నాటికి 2,06,518కి చేరి, 1950 నాటి స్థాయిని కూడా దాటింది. బోస్టన్ అద్దెలు భరించలేనివారు రైలులో వచ్చిపోతూ ఇక్కడ స్థిరపడుతున్నారు. ఒకప్పుడు ఎవరికీ అక్కర్లేని త్రీ-డెక్కర్‌ను ఇప్పుడు కంపెనీల పేరుతో పెట్టుబడిదారులు పోటీపడి కొంటున్నారు. పేటను బాగుచేయడానికి చేసిన పని ఫలించినకొద్దీ, ఎవరికోసం బాగుచేశారో వారికే అద్దె కట్టే స్తోమత లేకుండా పోయే ప్రమాదం పెరుగుతోంది.

ఇందులో మనకు సంబంధించిన కోణం ఒకటుంది. క్లార్క్‌లో మాస్టర్స్ చదవడానికి ఈ మధ్య భారతదేశం నుంచి వచ్చే విద్యార్థులలో తెలుగు పిల్లలు కూడా బాగానే ఉన్నారు. క్యాంపస్‌లో చోటు దొరకని వారికి నడక దూరంలోని త్రీ-డెక్కర్ వాటాలే గతి. మూడు గదుల వాటాలో అయిదారుగురు చేరి తలకింత అని పంచుకుంటే ఒక్కొక్కరికీ అద్దె తేలికే. కానీ ఆ మొత్తాన్ని కూడి చూస్తే, ఇద్దరు పిల్లలతో ఉండి ఒక్క జీతం మీద బతికే ఘానా కుటుంబమో డొమినికన్ కుటుంబమో కట్టగలిగిన దానికన్నా చాలా ఎక్కువవుతుంది. ఇంటి యజమాని ఎవరికిస్తాడో ఊహించడం కష్టం కాదు. అప్పు చేసి చదువుకు వచ్చిన మన పిల్లలను తప్పుపట్టడం అన్యాయం. వారికి గడ్డకట్టే చలిలో తలదాచుకోవడానికి ఒక చోటు కావాలి. విద్యార్థుల సంఖ్య పెంచుకునే విద్యాలయం ఏదైనా సరే, పెరిగిన ప్రతి విద్యార్థికీ పడక ఎక్కడుందో ముందుగా తేల్చుకోవాలి. అలా చేయకపోతే ఒక చేత్తో పేటకు ఇచ్చినది మరో చేత్తో తీసుకున్నట్టే అవుతుంది.

సీడీసీ చేతిలో ఉన్న ఇళ్ళకు మాత్రం దస్తావేజు షరతుల వల్ల రక్షణ ఉంది. గ్రాండ్ వీధిలో ఒక పాత మిల్లు భవనాన్ని కూడా అందుబాటు అద్దె ఇళ్ళుగా మార్చారు. కానీ ఆ షరతులకు గడువుంటుంది. తొలి తరం పన్ను రాయితీ ప్రాజెక్టులు దేశమంతటా గడువు తీరే దశకు చేరుతున్నాయి. లాభాపేక్ష లేని సంస్థ యజమానిగా ఉన్నచోట గడువు తీరినా అద్దె పెరగకపోవచ్చు గానీ, పాతికేళ్ళ క్రితం బాగుచేసిన ఇంటికి మళ్ళీ కప్పు, బాయిలర్, వరండాలు మార్చాల్సి వస్తుంది. దానికి తిరిగి డబ్బు కావాలి. కొత్త ఇల్లు కట్టడానికి రిబ్బను కత్తిరింపులుంటాయి కాబట్టి నిధులు దొరుకుతాయి, పాత ఇంటి బాయిలర్‌కు దొరకవు. ఈ మరమ్మతు నిధిలో విద్యాలయం ఏటా కొంత వాటా వేయాలని నేను ఈ రంగంలో ఎక్కడ అవకాశం దొరికినా వాదిస్తూ వస్తున్నాను.

మరో పని దీనికన్నా చవకైనది, ఇప్పుడే మొదలుపెట్టదగినది. క్యాంపస్ చుట్టూ ఉన్న త్రీ-డెక్కర్లలో యజమాని కాపురముంటున్నవి ఎన్ని, పెట్టుబడి కంపెనీల చేతిలోకి వెళ్ళినవి ఎన్ని, షరతుల గడువు దగ్గరపడుతున్నవి ఎన్ని అన్నది ఏటా ఇంటింటికీ లెక్కతీసి సీడీసీకి అందించాలి. రిజిస్ట్రేషన్ పత్రాలు, పన్ను జాబితాలు ఈ రాష్ట్రంలో ఎవరైనా చూడవచ్చు. భూగోళశాస్త్రంలో 1921 నుంచి ప్రత్యేక పీఠం నడుపుతూ, ప్రపంచవ్యాప్తంగా వాడే పటాల సాఫ్ట్‌వేర్‌ను తయారుచేసిన విద్యాలయం క్లార్క్. ఆ పటం గీయగల విద్యార్థులు ఆ ఇళ్ళలోనే అద్దెకుంటున్నారు. ఏ ఇల్లు అమ్మకానికి రాబోతోందో మార్కెట్ కన్నా ముందు సీడీసీకి తెలిస్తే, కొనడానికి దానికి కాస్త వ్యవధి దొరుకుతుంది.